కొలరాడోలో బిగ్‌హార్న్ ట్యాగ్ తగిలితే: గైడా, డ్రాప్ క్యాంపా, సొంతంగానా?

బిగ్‌హార్న్ అంటే పెద్ద వంపు కొమ్ముల అడవి గొర్రె. దాన్ని వేటాడే లైసెన్సు (ట్యాగ్ అంటారు) లాటరీలో, అంటే డ్రాలో తగలాలి. మా ఆఫీసులో పక్క సీటు మిత్రుడికి ఆ డ్రా ఫలితం ఈమెయిల్‌లో తెలియలేదు. క్రెడిట్ కార్డులోంచి లైసెన్సు డబ్బు కట్ అయినట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అంతే. పద్నాలుగేళ్లుగా అప్లై చేస్తున్నాడు. ఆ రోజంతా కాలు నేల మీద నిలవలేదు. మర్నాటి నుంచి టెన్షన్ మొదలైంది. ఔట్‌ఫిట్టర్‌ని (గైడ్‌నీ, గుర్రాలనీ సమకూర్చి వేట చేయించే కంపెనీ) పెట్టుకోవాలా, గుర్రాల వాళ్లతో సామాను పైకి చేర్పించుకుంటే (డ్రాప్ క్యాంపు) చాలా, లేక మనమే బ్యాగులు తగిలించుకుని వెళ్లిపోదామా? ఆ సెప్టెంబరులో బరువు మోయడానికి నేనూ వెళ్లాను. అందుకే ఈ మూడు దారుల గురించి నేను చెప్పేదంతా మోసినవాడి వైపు నుంచే ఉంటుంది.

కొలరాడోలో రాకీ మౌంటెన్ బిగ్‌హార్న్‌లు 7,000 చుట్టుపక్కల ఉంటాయి. 1961 నుంచి అది ఆ రాష్ట్ర జంతువు. విచ్చలవిడి వేట, పెంపుడు గొర్రెల నుంచి వచ్చిన జబ్బులు కలిసి మందల్ని తుడిచిపెట్టే దాకా వచ్చాక 1880ల్లో వేట ఆపేశారు. మళ్లీ 1953లోగానీ తెరవలేదు. ఇప్పుడు కూడా కొండల్ని 'ఎస్' అక్షరంతో మొదలయ్యే యూనిట్లుగా విడగొట్టి, ఒక్కో యూనిట్‌కి ఏటా కొద్ది లైసెన్సులే ఇస్తారు. అప్లై చేసి డ్రాలో తగలనివాళ్లకు ఏటా ఒక పాయింటు వస్తుంది. మొదటి మూడేళ్లు ఆ పాయింట్లు పోగేసుకోవడానికే సరిపోతాయి. ఆ తర్వాత వెయిటెడ్ పాయింట్లు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది తప్ప గ్యారంటీ ఎప్పటికీ రాదు. పొట్టేలు దొరికితే అయిదేళ్లు మళ్లీ అప్లై చేయకూడదు. కాగితం మీద అయిదేళ్లు, ఆచరణలో చాలామందికి జీవితంలో ఒక్కసారి.

మీ ట్యాగ్ వేరే చోటిదైతే ఈ ఎంపిక మీ చేతిలో ఉండకపోవచ్చు. వయోమింగ్‌లో బయటి రాష్ట్రం వాళ్లు ఫెడరల్ వైల్డర్‌నెస్ ప్రాంతంలో (రోడ్లు, వాహనాలు లేని రక్షిత అడవి) పెద్ద జంతువుల వేటకు వెళ్లాలంటే లైసెన్సున్న గైడ్ ఉండాలి, లేదా అక్కడి నివాసి ఎవరైనా అనుమతి తీసుకుని వెంట రావాలి. కెనడాలో అల్బెర్టా, బ్రిటిష్ కొలంబియాలకు అమెరికా నుంచి వెళ్లేవాళ్లకు మామూలుగా గైడ్ తప్పనిసరి. కొలరాడోలో అలాంటి నిబంధన లేదు. మొత్తం మన ఇష్టం. తలనొప్పి అక్కడే.

## ముందు లెక్క: కిందికి ఎలా దింపుతారు?

ఎవరిని అడిగినా తుపాకీ దగ్గరో, బైనాక్యులర్స్ దగ్గరో మొదలుపెడతారు. నన్నడిగితే చివర నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

పెద్ద పొట్టేలుకి ఎముకలు తీసేసిన మాంసం 30 నుంచి 35 కిలోలు వస్తుంది. కొమ్ములతో సహా తల, మెడ తోలు కలిపి 20 కిలోల పైమాటే. మీ గుడారం, స్లీపింగ్ బ్యాగు, తిండి, తుపాకీ ఇంకో 15 నుంచి 20 కిలోలు. మొత్తం 70 కిలోల చుట్టుపక్కల. ఇది చెట్లు కూడా మొలవని ఎత్తులో, 12,000 అడుగుల దగ్గర, కాలు పెడితే జారే రాళ్ల గుట్టల మీద మొదలై ట్రెయిల్‌హెడ్‌లో (కాలిబాట మొదలయ్యే చోట) ఉన్న కారు దాకా రావాలి. సెప్టెంబరు మొదట్లో మధ్యాహ్నాలు ఇంకా వెచ్చగానే ఉంటాయి కాబట్టి మాంసం ఎక్కువ రోజులు ఆగదు. మాంసం వదిలేసి కొమ్ములు మాత్రం తెచ్చుకోవడం చట్ట ప్రకారం నేరం. ఆ కొమ్ముల్ని కూడా కొద్ది రోజుల్లోనే రాష్ట్ర వన్యప్రాణి శాఖ అయిన కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ ఆఫీసుకి తీసుకెళ్లి చూపిస్తే, గుర్తుగా కొమ్ములో చిన్న ప్లగ్ దిగ్గొడతారు.

తిరుమల మెట్లు కాలినడకన ఎక్కి, కాలినడకనే దిగినవాళ్లకు తెలుసు, మోకాళ్లు ఎప్పుడు ఏడుస్తాయో.

రెండో లెక్క రోజులది. సీజన్ మొదలవక ముందు వెళ్లి కొండలు చూసి రావడానికి మీ దగ్గర ఎన్ని వారాంతాలున్నాయి? డెన్వర్‌లో ఉండేవాళ్లు జులై, ఆగస్టుల్లో అయిదారుసార్లు వెళ్లిరావచ్చు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేవాళ్లకు ఒక్కసారి కుదిరితే గొప్ప.

మూడోది ఒళ్లు, నాలుగోది పక్కన నిలబడే మనుషులు. డబ్బుని కావాలనే చివర పెట్టాను. మిగతా నాలుగింటికీ జవాబు దొరికితే ఎంత డబ్బు కావాలో దానంతట అదే తేలుతుంది.

| | పూర్తి గైడ్ | డ్రాప్ క్యాంపు | సొంతంగా |
|---|---|---|---|
| పొట్టేళ్లను వెతికేది | గైడ్, మీరు | మీరే | మీరే |
| కిందికి దింపేది | వాళ్ల మనుషులు, గుర్రాలు | కబురు పెడితే వచ్చే గుర్రాలు | మీ వీపు, మీ స్నేహితులు, లేదా అద్దె లామాలు |
| ముందే చూసిరావడం | లేకపోయినా నడుస్తుంది | కనీసం రెండుసార్లు | ఎంత ఎక్కువైతే అంత మంచిది |
| చోటు మార్చే వీలు | గైడ్ పర్మిట్ ఉన్నంత మేర | తక్కువ | పూర్తిగా |
| ఖర్చు | వేలల్లో, పది వేల డాలర్లు దాటడం మామూలే, టిప్పు వేరు | మధ్యస్థం | తక్కువ, సెలవులు మాత్రం ఎక్కువ |
| ఎవరికి నప్పుతుంది | దూరం నుంచి వచ్చేవాళ్లకు, ఒంటరివాళ్లకు | ఎల్క్ (పెద్ద జింక) వేట అనుభవం ఉండి, మోకాళ్లు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు | దగ్గర్లో ఉండి, మోసే స్నేహితులున్నవాళ్లకు |

## పూర్తి గైడ్

గైడ్ అంటే తోడు వచ్చి దారి చూపించే మనిషి అనుకుంటాం. డబ్బు నిజానికి ఆయన కళ్లకు ఇస్తున్నాం. అర కిలోమీటరు అవతల గడ్డిలో పడుకున్న బూడిదరంగు వీపుని రాయి కాదని పోల్చడం, కొమ్ము మీద వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పడం ఒక్క సీజన్‌లో రావు. కొలరాడోలో కొమ్ము అర చుట్టు తిరిగితే చాలు, చట్టం ఒప్పుకుంటుంది. అయితే అర చుట్టు కొమ్మున్నది కుర్ర పొట్టేలు. పద్నాలుగేళ్లు ఎదురుచూసినవాడు మొదటి రోజు కంగారులో దాన్ని కొట్టేసి, మర్నాడు ఎదురు కొండ మీద ముసలి పొట్టేలుని చూసి కుమిలిపోవడం జరిగే పనే. పక్కన నిదానంగా "ఆగండి" అనే మనిషి ఉంటే ఆ బాధ తప్పుతుంది.

సందేహం ఒక్కటే. యూనిట్‌కి ఏటా కొద్దిమందే వేటగాళ్లు కాబట్టి, ఫలానా యూనిట్‌లో పొట్టేళ్ల మీదే ఏళ్లుగా పని చేస్తున్న ఔట్‌ఫిట్టర్ దొరకడం కష్టం. ఎల్క్ వేట బాగా చేయించే కంపెనీకి పొట్టేళ్ల గురించి మీకన్నా ఎక్కువ తెలిసి ఉండాలని లేదు. అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంత తీసుకుంటారు" కాదు, "ఇదే యూనిట్‌లో చివరిసారి పొట్టేలు వేట ఎప్పుడు చేయించారు, ఆ మనిషితో నేను మాట్లాడవచ్చా" అని. తర్వాత రెండు కాగితాలు చూడండి. ఒకటి ఔట్‌ఫిట్టర్‌గా రాష్ట్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్. రెండోది ఆ నేషనల్ ఫారెస్ట్‌లో వ్యాపారం చేసుకోవడానికి ఫారెస్ట్ సర్వీస్ ఇచ్చిన పర్మిట్. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఆ ఫారెస్ట్‌లో ఆయన మీతో రాలేడు. ఉన్నా, మంద రిడ్జి (కొండ వెన్ను) దాటి పర్మిట్ లేని పక్క లోయలోకి వెళ్తే అక్కడికి రాలేడు.

నలభై దాటి, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని, పక్క రాష్ట్రం నుంచి విమానంలో వచ్చేవాళ్లు ఎక్కువ ఆలోచించకుండా ఈ దారి పట్టడమే నయం. ఇందులో చిన్నతనమేమీ లేదు.

## డ్రాప్ క్యాంపు

చూడ్డానికి రెండింటి మంచీ ఇందులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. గుర్రాల మీదో కంచరగాడిదల మీదో మీ సామాను పైకి చేరుస్తారు, గుడారం, పొయ్యి కూడా వాళ్లే ఇస్తారు. వేట మాత్రం మీది. పొట్టేలు దొరికాక శాటిలైట్ మెసెంజర్‌లో కబురు పెడితే వచ్చి దింపుతారు. మా మిత్రుడు దాదాపు దీనికే అడ్వాన్సు ఇచ్చేయబోయాడు.

ఆపింది మ్యాపు. గుర్రాలకు గడ్డీ నీళ్లూ కావాలి కాబట్టి డ్రాప్ క్యాంపు ఎప్పుడూ లోయలో, చెట్ల మధ్య ఉంటుంది. పొట్టేళ్లు ఉండేది పైన. అంటే రోజూ చీకట్లో లేచి రెండు వేల అడుగులు ఎక్కాలి, సాయంత్రం అంతా దిగాలి. మూడో రోజుకి కాళ్లు మొరాయిస్తాయి. పైగా ఉదయం పూట చల్లగాలి లోయలోకి దిగుతుంది, ఎండెక్కాక కొండ ఎగువకు వీస్తుంది. బిగ్‌హార్న్‌లు ఎక్కువగా కిందివైపే కాపలా కాస్తాయి. మీరు తొమ్మిదింటికి ఆయాసపడుతూ కింద నుంచి పైకి వస్తుంటే, మీ వాసన మీకన్నా ముందు వెళ్లి కబురు చెబుతుంది. గొర్రె కసాయివాడినే నమ్ముతుందని మన సామెత. ఆ సామెత పుట్టించినవాళ్లు ఈ గొర్రెను చూడలేదు.

ఇంకో చిక్కు: ఆగస్టులో మీరు చూసిన మంద సెప్టెంబరు రెండో వారానికి పక్క బేసిన్‌కి (కొండల మధ్య గిన్నెలాంటి లోయ) మారిపోవచ్చు. క్యాంపు మారదు.

అలాగని కొట్టిపారేయలేను. లోయ మరీ లోతుగా కాకుండా, క్యాంపు నుంచే బైనాక్యులర్స్‌తో రెండు మూడు కొండ ముఖాలు కనిపించే యూనిట్ అయితే ఇదే నా మొదటి ఎంపిక. ఒప్పందంలో ఒక్క వాక్యం మాత్రం రాయించుకోండి: కబురు పెట్టాక ఎన్ని గంటల్లో వస్తారు? "వీలు చూసుకుని వస్తాం" అంటే ఆ పాటికి మాంసం సంగతి ఏమవుతుందో పైన చెప్పాను.

## సొంతంగా

మేం వెళ్లింది ఇలాగే. నలుగురం. ఒకడికి ట్యాగ్, ముగ్గురికి వీపులు. నాకు మాత్రం దిగేటప్పుడు రెండు కాలి గోళ్లు నల్లబడి నెలలోపు ఊడిపోయాయి. తప్పు బూట్లది కాదు, నాది. లేసులు పైభాగంలో బిగించుకోకుండా పాతిక కిలోలు వేసుకుని దిగాను.

దీనిలో అసలు లాభం డబ్బు మిగలడం కాదు, మంద ఎటు వెళ్తే అటు ఇల్లు మోసుకుని వెళ్లగలగడం. రిడ్జికి కాస్త కింద, గాలి మందవైపు పోని చోట చిన్న గుడారం వేసుకుంటే తెల్లారేసరికి మీరు వాటికన్నా పైనే ఉంటారు. పొట్టేళ్లు వేసవి, శరత్కాలాల్లో ఆడవాటికి దూరంగా సొంత గుంపులు కట్టుకుని తిరుగుతాయి. నవంబరులో జోడు కట్టే కాలం వచ్చేదాకా అంతే. కాబట్టి పిల్లలతో ఉన్న మంద కనిపిస్తే అక్కడే రెండు రోజులు పాడుచేసుకోకండి. పొద్దున మేసి, మధ్యాహ్నం ఏదో గట్టు మీద పడుకుని నెమరు వేసే ఆరేడు బరువైన వీపుల కోసం వెతకండి. మేం అయిదు రోజుల్లో నడిచింది తక్కువ, కూర్చుని చూసింది ఎక్కువ.

ఖర్చు తక్కువంటారు గానీ, పూర్తిగా నిజం కాదు. జులై నుంచి వారాంతాలన్నీ పెట్రోలుకి, ఆఫీసు సెలవులన్నీ ఈ పదిరోజులకి పోతాయి. ఇంట్లో భార్యాపిల్లలకు ముందే చెప్పుకోవాలి.

ముగ్గురు స్నేహితులు లేనివాళ్లకు కొలరాడోలో ఇంకో మార్గం ఉంది. లామాలు అద్దెకిస్తారు. ఒక్కోటి పాతిక, ముప్పై కిలోలు మోస్తుంది, గుర్రమంత మేపు అడగదు, గుర్రపుస్వారీ రానివాళ్లు కూడా తాడు పట్టుకుని నడిపించుకెళ్లవచ్చు. ఉమ్ముతుందన్న పేరుంది. మేం దారిలో చూసినవి ఒకదాని మీద ఒకటి ఉమ్ముకున్నాయి తప్ప మనుషుల జోలికి రాలేదు. మేకల్ని మాత్రం, సామాను మోసేవైనా సరే, బిగ్‌హార్న్ కొండల్లోకి తీసుకెళ్లకండి. పెంపుడు గొర్రెలు, మేకల ముక్కుల్లో ఉండే మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే బ్యాక్టీరియా అడవి గొర్రెలకు అంటితే న్యుమోనియాతో మందలకు మందలే పడిపోతాయి. మిగిలిన తల్లులకు పుట్టే పిల్లలు కూడా ఆ తర్వాత ఏళ్ల తరబడి చచ్చిపోతూనే ఉంటాయి.

## ఎంచుకున్న దారిని బట్టి మారే కొనుగోళ్లు

బైనాక్యులర్స్ మూడు దారుల్లోనూ 10x42 చాలు, ట్రైపాడ్ మీద పెట్టి చూస్తేనే. చేత్తో పట్టుకుంటే ఎంత ఖరీదైనదైనా వృథా. స్పాటింగ్ స్కోపు (దూరం చూసే చిన్న టెలిస్కోపు) దగ్గరే తేడా. గుర్రాలు మోస్తే 85 మిల్లీమీటర్ల లెన్సుది, మీరు మోస్తే 65. గైడ్‌తో వెళ్తే కొననే కొనకండి, ఆయన దగ్గర ఉంటుంది. నలుగురికి ఒకటి సరిపోతుంది.

బూట్లు మేలోనే కొని అరగదీయాలి. అడుగు గట్టిగా ఉండి రాళ్ల మీద వంగనివి. సాధన విషయానికొస్తే, ఎక్కడం కన్నా దిగడం మీద దృష్టి పెట్టండి. వారానికి రెండుసార్లు పదిహేను, ఇరవై కిలోల బ్యాగుతో నడక, మెల్లగా మెట్లు దిగడం. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మోకాళ్లకు ఈ పాఠం నేర్పదు.

తుపాకీ గురించి ఫోరమ్‌లలో రోజుల తరబడి కొట్టుకుంటారు. పొట్టేలుకి కొలరాడో చట్టం అడిగేది కనీసం .24 కాలిబర్ (బుల్లెట్ వ్యాసం), 70 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు) బుల్లెట్. .270, 6.5 క్రీడ్‌మోర్ లాంటి తూటా రకాల్లో ఏదైనా మీకు అలవాటైనదే. కొత్తది కొనే డబ్బుతో ఇంకో రెండు వారాంతాలు కొండ మీద గడపండి.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 12,000 అడుగుల దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. బయటి నుంచి వచ్చేవాళ్లు కనీసం రెండు రాత్రులు 8,000, 9,000 అడుగుల ఊళ్లో పడుకుని అప్పుడు ఎక్కండి. తలనొప్పితోపాటు వాంతులు మొదలైతే పొట్టేలు ఎదురుగా ఉన్నా సరే కిందికి దిగడమే మందు. మధ్యాహ్నం మబ్బు పడితే రిడ్జి మీద నిలబడకండి. అక్కడ పిడుగుకి మీకన్నా ఎత్తైనది ఏదీ ఉండదు.

## వీసా మీద ఉన్నవాళ్లకు

తెలుగువాళ్లలో చాలామంది హెచ్1బి మీదే ఉంటారు కాబట్టి ఈ మాట ఇక్కడ చెప్పాలి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీని ఒక్క నిమిషం చేతిలోకి తీసుకున్నా అది "దగ్గర ఉంచుకోవడం" కిందికే రావచ్చు. కాబట్టి నాలాగా మోయడానికి మాత్రమే వెళ్తున్నా ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక మాట మాట్లాడి వెళ్లండి. మా బృందంలో ఒకతను గ్రీన్ కార్డు వచ్చేదాకా తుపాకీ సంచీని కూడా ముట్టనన్నాడు. మేం నవ్వలేదు. ఇక 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్సు కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై ఉండాలి. ఇది పౌరులకైనా, వీసావాళ్లకైనా ఒకటే.

## ఇంకా తేల్చుకోలేకపోతే

జులై నాలుగు సెలవుల్లో ఒకసారి యూనిట్‌కి వెళ్లి, 20 కిలోల బ్యాగుతో రెండు రాత్రులు పైన గడిపి రండి. మూడో రోజు కారు దగ్గరికి వచ్చాక మళ్లీ ఎక్కాలనిపిస్తే సొంతంగా వెళ్లండి. ఎక్కగలను గానీ దింపలేను అనిపిస్తే అప్పుడే లామాల వాళ్లకో డ్రాప్ క్యాంపు వాళ్లకో ఫోన్ చేయండి, ఆగస్టులో ఎవరూ ఖాళీగా ఉండరు. ఆ యూనిట్ చూసే జీవశాస్త్రవేత్తకు కూడా ఫోన్ చేయవచ్చు. మంద కిందటేడు ఎటు తిరిగిందో ఓపిగ్గా చెబుతారు, మా మిత్రుడికి అరగంట చెప్పారు.

మోకాలికి దెబ్బ తగిలిందో, ఇంట్లో కాన్పు ఉందో, అసలు వెళ్లలేని పరిస్థితి వస్తే నాలుగో దారి కూడా ఉంది. సీజన్ మొదలవడానికి 30 రోజుల ముందే లైసెన్సు తిరిగి ఇచ్చేస్తే పాయింట్లు మళ్లీ మీ ఖాతాలో వేసే ఏర్పాటు కొలరాడోలో ఉంది, కొంత రుసుము తీసుకుంటారు. ఆ తేదీని క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి.